97 శాతం సరే... దేనితో పోల్చి?

1958లో లండన్‌లో ఒక పాత బొమ్మ వేలానికొచ్చింది. వాల్‌నట్ చెక్క మీద వేసిన క్రీస్తు చిత్రం. లియొనార్డో డావిన్సీ శిష్యుడి పేరు మీద అమ్మకానికి పెడితే 45 పౌండ్లకు పోయింది. అదే చెక్క 2005లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 1,175 డాలర్లకు చేతులు మారింది. 2017 నవంబరులో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో 45 కోట్ల 3 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో దాదాపు 2,900 కోట్ల రూపాయలు. ఈసారి దాని మీద ఉన్నది శిష్యుడి పేరు కాదు, గురువు పేరు. మధ్యలో పైపూతలు తొలగించి బాగుచేశారన్నది నిజమే. కానీ ధరను అంత ఎత్తుకు లేపింది మాత్రం 'సాల్వతోర్ ముండి డావిన్సీ వేసిందే' అన్న ఒక్క మాట. ఆ మాట మీద నిపుణులు ఇప్పటికీ రెండుగా చీలే ఉన్నారు.

'ఎవరు వేశారు?' అనే ప్రశ్న వెనుక ఇంత డబ్బు ఉన్నప్పుడు డేటా అనలిటిక్స్ అక్కడికి వెళ్లకుండా ఉంటుందా? వెళ్లింది. దాంతో డేటా ఉద్యోగాల కోసం చూస్తున్న మీలాంటి వాళ్లకు ఏ కోర్సులోనూ దొరకని పాఠం ఒకటి తయారైంది. అదేంటో చెప్పి, అదే పాఠాన్ని మన నెల్లూరు తీరంలో ఎలా నేర్చుకోవచ్చో చెప్పడమే నా ఉద్దేశం.

రెండు మిషన్లు, రెండు జవాబులు

2023 జనవరిలో ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్, నాటింగ్‌హామ్ యూనివర్సిటీల పరిశోధకులు ఒక ప్రకటన చేశారు. 'డి బ్రెసీ టోండో' అనే గుండ్రటి చిత్రాన్ని, జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న రఫేల్ చిత్రం 'సిస్టీన్ మడోనా'ను ముఖాలను గుర్తుపట్టే ఏఐతో పోల్చారు. తల్లి ముఖంలో 97 శాతం, బిడ్డ ముఖంలో 86 శాతం పోలిక వచ్చింది. కాబట్టి రెండూ ఒకే చిత్రకారుడి పనే అయ్యుంటాయన్నారు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌కు చెందిన 'ఆర్ట్ రికగ్నిషన్' అనే సంస్థ తన ఏఐతో అదే బొమ్మను చూసి, ఇది రఫేల్ వేసింది కాదు, అందుకు సంభావ్యత 85 శాతం అని తేల్చింది.

ఇప్పుడు ఎవరిని నమ్మాలి? 97 పెద్దది కాబట్టి దానికే ఓటు వేద్దామా?

ఆగండి. ఆ రెండు అంకెలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. మొదటిది 'ఈ రెండు ముఖాలు ఎంతగా పోలి ఉన్నాయి?' అన్నదానికి జవాబు. ఓ మంచి పనివాడు రఫేల్ బొమ్మను ఎదురుగా పెట్టుకుని దించినా ముఖాలు పోలే ఉంటాయి. నకలు పని అదే కదా! రెండోది 'మేం చూపించిన రఫేల్ చిత్రాల పద్ధతికి ఇది ఎంత దగ్గర, ఇతరుల వాటికి ఎంత దగ్గర?' అన్నదానికి జవాబు. ఆ ఇతరులుగా ఎవరిని చూపించారన్న దాని మీద ఆ అంకె మారుతుంది.

నా అభిప్రాయం ఇదీ: 'దేనితో పోల్చి?' అన్న ప్రశ్నకు జవాబు లేని శాతం ఎంత పెద్దదైనా పనికిరాదు. డేటా ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మొదట అలవాటు చేసుకోవాల్సింది ఆ ప్రశ్న అడగడం. మోడల్ కట్టడం తర్వాత.

ఫ్రెషర్ల రెజ్యూమెలు చూసే పని ఆఫీసులో నాకు అప్పుడప్పుడు పడుతుంటుంది. ప్రాజెక్టుల దగ్గరికొచ్చేసరికి అవే కనిపిస్తాయి. 891 మంది ప్రయాణికుల టైటానిక్ డేటా, 150 పూల ఐరిస్ డేటా, ఇళ్ల ధరల అంచనా. పక్కనే 'అక్యురసీ 96 శాతం'. 'దేన్ని చూసి మోడల్ అంత బాగా చెప్పింది? అది చెప్పలేని సందర్భం ఏది?' అని అడిగితే చాలామంది దగ్గర మాట ఆగిపోతుంది. తప్పు వాళ్లది కాదు. ఆ డేటాసెట్లను లక్షల మంది అరగదీశారు, అడగడానికి కొత్త ప్రశ్న మిగల్లేదు.

చెవి తమ్మె, గోళ్లు, పడుగు పేకలు

బొమ్మల విషయంలో మంచి పద్ధతులు లేవని కాదు. 19వ శతాబ్దంలో ఇటలీలో జొవాన్నీ మొరెల్లీ అనే ఆయన ఉండేవారు. చదివింది వైద్యం. బొమ్మ ఎవరిదో తేల్చాలంటే ముఖం, భంగిమ చూడొద్దు, చెవి తమ్మెలు, చేతి గోళ్లు చూడండి అన్నారు. నకలు చేసేవాడు ముఖం మీద ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. చెవి దగ్గరికొచ్చేసరికి తన అలవాటు బయటపడుతుంది.

2004లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు ఈ ఆలోచననే లెక్కల్లోకి తెచ్చారు. పెరుజీనో పేరు మీద ఉన్న ఒక చిత్రంలోని ఆరు ముఖాలను వేవ్‌లెట్ విశ్లేషణ చేస్తే మూడు ఒక గుంపుగా వచ్చాయి, మిగతా మూడు దేనికదే విడిపోయాయి. అంటే కనీసం నాలుగు చేతులు పనిచేసినట్టు. గమనించారా, వాళ్లు 'ఎవరు?' అనలేదు. 'ఎన్ని చేతులు?' అన్నారు. డేటా చెప్పగలిగినంతే అడిగారు. మన లేపాక్షి కప్పు మీది చిత్రాలకు సంతకాల్లేవు. అక్కడ కూడా 'ఎవరు?' అని అడిగితే పోల్చడానికి ఏమీ ఉండదు. 'ఎన్ని చేతులు?' అని అడగొచ్చు. క్లాసిఫికేషన్‌కీ క్లస్టరింగ్‌కీ తేడా ఇంతకంటే సులువుగా ఏ పుస్తకమూ చెప్పదు.

ఇంకొకటి మన వెంకటగిరి నేతవాళ్లకు చెబితే వెంటనే అర్థమయ్యేది. వాన్ గోహ్ కాన్వాసుల ఎక్స్‌రేలు తీసుకుని, గుడ్డలో పడుగు, పేక దారాలు సెంటీమీటరుకు ఎన్నున్నాయో కంప్యూటరుతో లెక్కించే పని 2007 ప్రాంతంలో మొదలైంది. వాడింది ఫూరియర్ ట్రాన్స్‌ఫామే, బీటెక్‌లో మార్కుల కోసం మాత్రమే చదివామని మనం అనుకునేది. దారాల సాంద్రత ఒకేలా మారుతూ ఉంటే ఆ రెండు కాన్వాసులూ ఒకే తాను నుంచి కోసినవని చెప్పొచ్చు. అయితే 1888లో ఆర్ల్ పట్టణంలో వాన్ గోహ్, గొగాన్ ఇద్దరూ ఒకే జనపనార గుడ్డ తాను పంచుకుని బొమ్మలు వేశారు. కాబట్టి దారాలు తాను గురించి చెబుతాయి, చెయ్యి గురించి చెప్పవు. ఈ ఎరుక ఉన్నవాడే మంచి అనలిస్టు.

మన దగ్గరున్న అరణ్యపర్వం

అంత దూరం వెళ్లి రఫేల్‌ను వెతకడమెందుకు? పాత మాస్టర్ల చేతుల లెక్క మన ఇంట్లోనే ఉంది. అది రంగులతో వేసింది కాదు, పద్యాల్లో కట్టింది.

ఆంధ్ర మహాభారతం పద్దెనిమిది పర్వాలు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి ఆది, సభా పర్వాలు పూర్తి చేశాడు. అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో నెల్లూరులో, పెన్నా ఒడ్డున, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరి దాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. కావలికి, కందుకూరుకు మధ్యలో ఉన్న గుడ్లూరును ఆయన ఊరుగా చెప్పుకుంటాం. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా అది మన తీరమే.

ఇక్కడే డేటా మనుషులకు పని. ఎర్రన తన పేరు కనపడకుండా రాశాడు. తనకు దాదాపు 300 ఏళ్ల ముందటి నన్నయే పూర్తి చేసినట్టు అనిపించాలని, ఆ భాగాన్ని కూడా రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ చెయ్యి ఆగింది నాలుగో ఆశ్వాసం 142వ పద్యం దగ్గర, శరత్కాల రాత్రుల వర్ణనలో అని సంప్రదాయం చెబుతుంది. ఎర్రన నన్నయ పద్ధతిలో మొదలెట్టి, పోనుపోను తిక్కన పద్ధతిలోకి జారి, విరాటపర్వానికి అతికినట్టు ముగించాడని తెలుగు విమర్శకులు చాలాకాలంగా చెబుతున్న మాట.

ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి. సాహిత్యంలో అది ప్రశంస. ఇంజనీరింగ్ విద్యార్థికి మాత్రం అది పరీక్షించి చూడదగ్గ హైపాథిసిస్. వంద పద్యాల కిటికీని అరణ్యపర్వం మీద మొదటి నుంచి చివరి దాకా జరుపుకుంటూ వెళ్తే శైలి అంకెల్లో అతుకు కనపడుతుందా? 142 దగ్గరే కనపడుతుందా? ఆ తర్వాత గీత నిజంగానే తిక్కన వైపు మెల్లగా వంగుతుందా?

అమెరికాలో ఇలాంటిదే జరిగింది. 1787–88లో ముగ్గురు కలిసి ఒకే మారుపేరుతో 'ఫెడరలిస్ట్' వ్యాసాలు 85 రాశారు. వాటిలో 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 1964లో మోస్టెలర్, వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద భావాలను వదిలేసి 'అపాన్' లాంటి చిన్న పదాలను లెక్కపెట్టి, అవి మాడిసన్‌వే అని తేల్చారు. మొరెల్లీ చెవి తమ్మె ఇక్కడ 'అపాన్' అయింది.

రాజు పేరు చదివేసిన మోడల్

సరే, ల్యాప్‌టాప్ తెరిచారనుకుందాం. నన్నయ పద్యాలు ఒక పక్క, తిక్కన పద్యాలు ఒక పక్క వేసి మోడల్‌ను ట్రైన్ చేస్తే దాదాపు నూటికి నూరు వచ్చే ప్రమాదం ఉంది. సంబరపడొద్దు. ఎందుకో చూడండి.

ఆశ్వాసాల మొదట్లో, చివర్లో కృతిభర్తను పిలిచే పద్యాలుంటాయి. నన్నయ పిలిచేది రాజరాజ నరేంద్రుడిని. తిక్కన అంకితమిచ్చింది హరిహరనాథుడికి. మోడల్ శైలి ఏమీ నేర్చుకోనక్కర్లేదు, ఆ పేర్లు చదివితే చాలు. పైగా ఎర్రన కూడా రాజరాజునే పిలిచాడు కాబట్టి అదే మోడల్ ఎర్రనను 'నన్నయ' అని ధీమాగా చెబుతుంది. అంటే ఎర్రన వేసిన వేషానికి మీ మోడల్ మోసపోయినట్టు. డేటా లీకేజీ అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

రెండోది, పాత్రల పేర్లు. కీచకుడు కనిపిస్తే విరాటపర్వం, విరాటపర్వమైతే తిక్కన. అది కథను గుర్తుపట్టడం, కవిని కాదు. పేర్లు తీసేయాలి. ట్రైనింగ్‌కీ టెస్టింగ్‌కీ పద్యాలను కలగాపులగంగా విడగొట్టకుండా పర్వం మొత్తాన్ని దాచిపెట్టి పరీక్షించాలి.

మూడోది, అక్షరక్రమం. తిక్కన చెబుతుంటే గురునాథుడు రాశాడని ఐతిహ్యం. ఆ తర్వాత శతాబ్దాల పాటు తాళపత్రాల మీద ఎందరో నకలు చేశారు, అచ్చు వేసేటప్పుడు పండితులు సరిదిద్దారు. కాబట్టి అరసున్నలు, బండిరాలు లెక్కపెడితే మీరు పట్టుకునేది కవిని కాకపోవచ్చు, ప్రూఫులు దిద్దినాయన్ని కావచ్చు. ముగ్గురి పద్యాలూ ఒకే ప్రచురణ నుంచి తీసుకోవడం కనీస జాగ్రత్త.

నాలుగోది, ఛందస్సు, వచనం. 'వచనం ఎంత శాతం?' అనేది మంచి ఫీచర్‌లా కనిపిస్తుంది. కానీ తిక్కన రాసిన మరో కావ్యం నిర్వచనోత్తర రామాయణంలో వచనమే లేదు, పేరులోనే ఉంది ఆ సంగతి. ఆ ఫీచర్‌ను నమ్మిన మోడల్ తిక్కనను చూసి తిక్కన కాదంటుంది. ఒకే మనిషి ఒక నియమం పెట్టుకుని రాస్తే అంకెలు మారిపోతాయి.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం. నన్నయ, తిక్కన ఇద్దరినే చూపిస్తే మోడల్‌కు మూడో మనిషి ఉంటాడని తెలీదు. ఎర్రనను ఆ ఇద్దరిలో ఎవరికో ఒకరికి అంటగడుతుంది. ఎర్రన స్వయంగా రాసిన హరివంశం, నృసింహపురాణం కూడా పక్కన పెట్టాలి. రఫేల్ గొడవలో మనం అడిగిన 'దేనితో పోల్చి?' అన్న ప్రశ్న ఇక్కడికి నడిచొచ్చింది.

ఒకే పుస్తకం ఉన్న కవి

ఇదంతా సరదా లెక్క అనుకోవద్దు. తెలుగులో ఇంకా తెగని గొడవలున్నాయి. ఓరుగల్లు వీధుల్ని కళ్లకు కట్టిన క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు అది శ్రీనాథుడిదే అన్నారు. కాదన్నవాళ్లూ ఉన్నారు.

రేపు మీలో ఎవరో మోడల్ కట్టి 'శ్రీనాథుడు, 92 శాతం' అని ప్రకటించారనుకోండి. అందరూ షేర్ చేస్తారు. కానీ వల్లభరాయుడి పేరు మీద మనకున్నది ఈ ఒక్క పుస్తకమే. ఆయన శైలి ఎలా ఉంటుందో చూపించడానికి మోడల్ ముందు పెట్టేందుకు రెండోది లేదు. కాబట్టి ఆ 92కు 'మిగతా కవుల కంటే శ్రీనాథుడికి దగ్గర' అన్న అర్థం ఉంటుందే తప్ప, 'వల్లభరాయుడిది కాదు' అన్న అర్థం రాదు. శ్రీనాథుడిని ఇష్టపడి ఆయన బాటలో రాసిన వేరే కవికైనా అదే అంకె రావొచ్చు. శ్రీనాథుడికి ఒక పుస్తకం తగ్గితే పోయేదేమీ లేదు. వల్లభరాయుడికి అదొక్కటీ పోతే మనిషే చరిత్రలోంచి చెరిగిపోతాడు. అంకె చెప్పేవాడికి ఆ బరువు తెలిసుండాలి.

ఇప్పుడు కవి స్థానంలో లోన్ కోసం అప్లై చేసిన మనిషిని పెట్టండి. చెక్కు మీద సంతకం నకిలీదని మిషన్ అనుమానించిన ఖాతాదారుని పెట్టండి. అసైన్‌మెంట్ ఏఐ రాసిందని సాఫ్ట్‌వేర్ ముద్ర వేసిన మీ క్లాస్‌మేట్‌ను పెట్టండి. మన తీరంలో వనామీ రొయ్యల చెరువు రైతును పెట్టండి, ఫొటో చూసి రొయ్యకు జబ్బుందో లేదో చెప్పే యాప్ వేరే ప్రాంతపు ఫొటోలతో తయారైందనుకోండి. అన్నిచోట్లా అదే ప్రశ్న. ఎవరిని చూపించి నేర్పారు? చూపించని వాళ్ల సంగతేంటి?

'ఇది తెలుగు ఎంఏ వాళ్ల పని కదా, దీంతో ప్లేస్‌మెంట్ వస్తుందా?' అని అడుగుతారు. ఏ ప్రాజెక్టూ ఉద్యోగం గ్యారంటీ ఇవ్వదు, ఇస్తుందన్న వాళ్లను నమ్మొద్దు. కానీ ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి మీదైన సరుకు ఇస్తుంది. తెలుగులో పనిచేసే ఏఐ టూల్స్ పెరుగుతున్న ఈ రోజుల్లో తెలుగు టెక్స్ట్‌ను శుభ్రం చేయడం, విడగొట్టడం చేతనైనవాళ్లు తక్కువ. పద్యంలో సంధుల వల్ల పదాలు అతుక్కుపోయి ఉంటాయి, స్పేస్‌లను బట్టి విడగొడితే కుదరదు. 'క్ష్మి' మనకు ఒక అక్షరం, యూనికోడ్‌కు ఆరు ముక్కలు. ఈ చిక్కులు చేత్తో విప్పినవాడికీ, ట్యుటోరియల్ చూసి కాపీ కొట్టినవాడికీ తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మొదలెట్టాలంటే

నలుగురు టీమ్, ఒక సెమిస్టర్ చాలు. తెలుగు వికీసోర్స్‌లో దొరికే పాఠంతో మొదలుపెట్టి, అచ్చు ప్రతితో సరిచూసుకోండి. మీ కాలేజీలోనో పక్క డిగ్రీ కాలేజీలోనో ఉన్న తెలుగు లెక్చరర్‌ను మొదటి రోజే కలవండి. 'సార్, ఏ మాటలు కవికి అలవాటుగా వస్తాయి, ఏవి ఛందస్సు కోసం వస్తాయి?' అని అడగండి. ఆ ఒక్క సంభాషణ పది వీడియోల కంటే ఎక్కువ ఫీచర్లు ఇస్తుంది. బొమ్మల విషయంలో కూడా మ్యూజియం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకున్న పరిశోధనలే నిలబడ్డాయి.

తర్వాత చిన్న మాటలను, మూడేసి అక్షరాల గుంపులను లెక్కపెట్టండి. జవాబు తెలిసిన చోట ముందు పరీక్షించండి. తిక్కన పర్వం ఒకటి దాచిపెట్టి మోడల్ కనుక్కుంటుందో లేదో చూడండి. అక్కడ నెగ్గాకే అరణ్యపర్వం జోలికి వెళ్లండి. 142 దగ్గర ఏ అతుకూ కనపడకపోతే దిగులుపడకండి. ఎర్రన పనితనం అంత గొప్పదనో, మీ ఫీచర్లు అంత మొద్దువనో, రెండింటిలో ఏదో తేల్చుకోవడమే తర్వాతి పని.

చివరగా రెజ్యూమెలో ఆ ప్రాజెక్టు కింద రెండు వాక్యాలు రాయండి. మొదటిది, మీ మోడల్ ఏం చెప్పగలిగిందో. రెండోది, ఏం చెప్పలేదో, ఎందుకు చెప్పలేదో. మొదటి వాక్యం అందరి రెజ్యూమెల్లోనూ ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తలెత్తి మీ వైపు చూసేది రెండో వాక్యం దగ్గర.